ఆర్భాటానికే మార్కులు

దుప్పటి ఇచ్చే చేయి మధ్యలో ఆగిపోతుంది. పుచ్చుకోవడానికి చాచిన చేతులు అలాగే ఉండిపోతాయి. ఫోన్ పట్టుకున్న మనిషి ‘ఇటు చూడండి’ అనాలి, అప్పుడే దుప్పటి చేతులు మారుతుంది. వీడియో సరిగ్గా రాలేదంటే మరోసారి ఇవ్వాలి, మరోసారి పుచ్చుకోవాలి. సాయం అందిన మాట నిజమే. కానీ తన లేమిని ఎంతమంది చూస్తారో, అది ఎన్నాళ్లు తిరుగుతుందో ఆ పుచ్చుకున్న మనిషికి చెప్పేవారెవరు? చూపించుకోవాలన్న యావ ఎదుటివారి మర్యాదనూ ఖర్చు పెట్టేదాకా వచ్చింది.

ఇదంతా కుర్రకారు పైత్యమని కొట్టిపారేస్తే మేము ఒప్పుకోం. డాబు ఎప్పుడూ ఉంది. గొప్ప చాటుకోవడానికే ఖర్చు చేసే తీరును అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే విడమరిచి చెప్పాడు. అప్పట్లో చూసేది చుట్టూ ఉన్నవాళ్లు. ఫేస్‌బుక్ 2009లో లైక్ బటన్ తెచ్చాక మెప్పుకు అందరికీ కనిపించే అంకె వచ్చింది. వ్యూస్‌కు డబ్బూ తోడైంది. ఆ అంకె చూసుకుంటూ టెన్షన్ పడే పిల్లలను తిట్టే ముందు, దాన్ని అక్కడ పెట్టిందెవరో అడగాలి.

పాటల సంగతే చూడండి. సీడీల కాలంలో పక్క పాట కంటే తమది గట్టిగా వినిపించాలని కంపెనీలు పోటీపడ్డాయి. సీడీలో శబ్దానికి ఒక హద్దుంది, అది దాటడం కుదరదు. అందుకని నెమ్మదిగా ఉన్న చోట్లను పైకి లేపారు. గుసగుసా, కేకా దాదాపు ఒకే ఎత్తుకు చేరాయి. డ్రమ్ మీద దెబ్బ పడితే ఉలిక్కిపడాల్సిన చెవి ఊరికే అలసిపోయింది. ‘లౌడ్‌నెస్ వార్’ అని పేరుపడిన ఈ పోటీ సంగీతప్రియులు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. స్పాటిఫై, యూట్యూబ్ వంటివి మరీ గట్టిగా ఉన్న పాటలను తగ్గించి వినిపించడం మొదలుపెట్టాక, గట్టితనం వల్ల దక్కే లాభం చాలావరకు పోయింది. టీవీ ప్రకటనలు కార్యక్రమం కంటే గట్టిగా మోగకూడదని అమెరికా 2010లో చట్టమే చేసింది. హితబోధలతో కానిది లెక్క మారిస్తే అయింది.

అలాగని ఏ లెక్కా పూర్తి మందు కాదు. 2012లో యూట్యూబ్ ఎన్ని క్లిక్కులన్నది పక్కనపెట్టి, ఎంతసేపు చూశారన్నదానికి విలువ ఇచ్చింది. మోసపు బొమ్మ చూపి నొక్కించుకునేవారికి దెబ్బ తగిలింది, నిజమే. కానీ సాగదీత పెరిగింది. థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన ముఖాలు, ఎర్ర బాణాలు ఎక్కడికీ పోలేదు.

లైకుల అంకెను దాచుకునే వీలును ఇన్‌స్టాగ్రామ్ 2021లో అందరికీ ఇచ్చింది. కావాలనుకున్నవాళ్లు వెతికి పెట్టుకోవాల్సిన ఏర్పాటు ఇది. పిల్లల ఖాతాల్లోనైనా ఆ అంకె మొదటి నుంచే కనిపించకూడదన్నది మా డిమాండ్. వార్తలో లేని ‘షాకింగ్’ను శీర్షికలో పెట్టే పద్ధతిని వార్తాసంస్థలు మానుకోవాలి. సేవా సంస్థలు మాత్రం ఏ చట్టం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. సాయం పొందేవారి ముఖం చూపకుండానే లెక్కలు చూపించవచ్చు, ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు.