ఆరంకెల ఓటీపీ గారికి, ప్రాణహిత ఒడ్డు నుంచి

ఓటీపీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను కానీ మీ కుశలం పది నిమిషాలకు మించి ఉండదు కదా, నేను ఈ మొదటి పేరా ముగించేలోపే మీరు ఎక్స్‌పైర్ అయిపోయి ఉంటారు. అయినా రాస్తున్నాను. జవాబు రాదని తెలుసు. మీకోసం ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూసీ చూసీ, రాని జవాబుల కోసం కూర్చోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

మమ్మల్ని మీరు గుర్తుపట్టకపోవచ్చు. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరోంచ వైపు, ప్రాణహిత ఒడ్డున ఒక ఊరు. మేం తెలుగులో తిట్టుకుంటాం, మరాఠీలో అర్జీలు పెట్టుకుంటాం. జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అది కూడా ఆ రోడ్డు మీద. గోదావరి వంతెన దాటామంటే మాత్రం కాళేశ్వరం, అక్కణ్నుంచి వరంగల్ ఎంతో దూరం కాదు. అందుకని మాకు జ్వరం వస్తే వరంగల్, కాగితం కావాలంటే గడ్చిరోలి. రెండూ ఒకేసారి కావాల్సి వస్తే ఏం చేయాలో 2021 దాకా ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది మే నెల, తునికాకు సీజన్. అవ్వ, అంటే మా అమ్మ, పొద్దున్నే అడవికి పోయి ఆకు తెచ్చి కట్టలు కడుతోంది, బాపుకు, అంటే నాన్నకు, జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు రోజులు సెలైన్ పెట్టాడు. ఐదో రోజు ఆయాసం ఎక్కువైతే జీపులో వంతెన దాటించాం. ఊపిరితిత్తుల స్కాన్ తీసి, కరోనా, స్కోరు 25కి 19 అన్నారు. పరీక్షలో నలభై మార్కులకు పాసయ్యేవాళ్లం మేం, ఇక్కడ మార్కులు ఎంత ఎక్కువొస్తే అంత చెడ్డదని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆరు రోజులకు బాపు పోయాడు. అప్పటికి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టేశారు. మా చేతికి ఇచ్చినవి ఒక బిల్లు, ఒక ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో బాపు ఫోను.

ఆ ఫోను గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే మీరు ఉండాల్సింది అందులోనే. బటన్ల ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది, ఐదో నంబరు బటన్ మీద అంకె అరిగిపోయి నున్నగా ఉంటుంది. ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు ఇంటికంతా అదొక్కటే ఫోను కాబట్టి బాపు ఆధార్‌కూ, అవ్వ ఆధార్‌కూ, అవ్వ బ్యాంకు ఖాతాకూ అదే నంబరు రాయించాం. అంతమందికి ఒకే చెంబులో నీళ్లు తాగే ఇల్లు మాది, ఒకే నంబరు వాడితే తప్పేంటనుకున్నాం.

ఇక కరోనాతో పోయినవాళ్ల ఇంటికి సర్కారు ఇవ్వాల్సిన డబ్బు సంగతి. మీరు చివర్లో వచ్చారు కాబట్టి మొదట్లో ఏం జరిగిందో మీకు తెలియకపోవచ్చు. 2020 మార్చి 14న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తరం రాసింది, కరోనాను విపత్తుగా లెక్కేస్తామని, చనిపోయినవాళ్ల ఇంటికి నాలుగు లక్షలు ఇవ్వవచ్చని. అదే రోజు దాన్ని సవరిస్తూ ఇంకో ఉత్తరం వచ్చింది, అందులో నాలుగు లక్షలు లేవు. అంటే ఆ నాలుగు లక్షలు మీకన్నా కొన్ని గంటలు ఎక్కువ బతికాయి, అంతే. తర్వాత ఎవరో సుప్రీంకోర్టుకు వెళ్తే, 2021 జూన్ 30న కోర్టు విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 12 తీసి చూపించి, ఇస్తే ఇద్దాం లేకపోతే లేదు అనడానికి వీల్లేదు, ఎంతో కొంత సాయం నిర్ణయించి తీరాల్సిందే అంది. సెప్టెంబరులో యాభై వేలు అని తేల్చారు. అక్టోబరు 4న కోర్టు సరేనంది, దరఖాస్తు పెట్టిన ముప్పై రోజుల్లో ఇవ్వమంది. మరాఠీ కాగితాల్లో దీని పేరు సానుగ్రహ సహాయ్య. అనుగ్రహంతో ఇచ్చేది అని అర్థం. కోర్టు మెడ మీద కూర్చుంటే కానీ కలగని అనుగ్రహం ఎలాంటిదో, ఏ దేవుడి దగ్గరా మేం చూడలేదు.

వరదలో కొట్టుకుపోయి చనిపోతే విపత్తు నిధి నుంచి నాలుగు లక్షలు అప్పటికే ఉన్నాయి. అంటే బాపు గోదావరి వరదలో పోతే నాలుగు లక్షలు, గోదావరి దాటి ఆస్పత్రిలో పోతే యాభై వేలు. ఈ లెక్క మా ఊరి రచ్చకట్ట మీద చెప్తే ఒక ముసలాయన నవ్వాడు, తర్వాత నవ్వినందుకు నా చేయి పట్టుకున్నాడు.

సరే, దరఖాస్తు. సేవా కేంద్రంలో కుర్రాడు మనోడే, తెలుగోడే, స్క్రీన్ మీద మరాఠీ చదువుతూ మాకు తెలుగులో చెప్తున్నాడు. మొదట అడిగింది డెత్ సర్టిఫికెట్. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలని చట్టం, కాబట్టి అది నది అవతల నుంచి రావాలి. దానికోసం మూడు సార్లు బస్సెక్కాను. తెచ్చాక, ఇందులో కరోనా అని ఎక్కడుంది అన్నారు. అన్నా, ఏ డెత్ సర్టిఫికెట్‌లోనూ చావుకు కారణం రాయరు, ఆ గడే ఉండదు, కారణం రాసేది ఆస్పత్రి ఇచ్చే వేరే ఫారంలో అని నేను చెప్పేసరికి అడిగినాయన నన్ను వకీలులా చూశాడు. సర్టిఫికెట్‌లో కరోనా అని లేదన్న ఒక్క సాకుతో ఎవరినీ కాదనకూడదని కోర్టే చెప్పిందని కూడా చెప్పాను. "కోర్టు చెప్పొచ్చు, కంప్యూటర్ ఒప్పుకోవాలి కదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

తర్వాత పేరు. నది అవతల ఇంటిపేరు ముందు రాస్తారు, పేరు తర్వాత. నది ఇవతల పేరు ముందు, తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర. దాంతో ఒక కాగితంలో ఉన్న బాపు ఇంకో కాగితంలో ఉన్న బాపుకు ఏమవుతాడో ఎవరికీ తేలలేదు. ఇద్దరూ ఒకరేనని అవ్వ చేత అఫిడవిట్ రాయించారు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఒక్కడే అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయడానికి అవ్వ చాలా సిగ్గుపడింది.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు వచ్చారు మీరు. రాలేదు, అదే మా గొడవ. దరఖాస్తు అవ్వ పేరు మీద, ఆధార్ అవ్వది, ఓటీపీ పంపాం అని స్క్రీన్ మీద ఆకుపచ్చగా వచ్చింది, కింద చివరి నాలుగంకెలు బాపు నంబరువి. రబ్బరు బ్యాండు ఫోను చార్జింగ్ పెట్టి తెచ్చాం. వెలిగింది, పాత పాము ఆట కూడా ఉంది, సిగ్నల్ మాత్రం లేదు. నేను దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. సేవా కేంద్రం కుర్రాడు లోపల నుంచి "ఏడు నిమిషాలు", "ఐదు నిమిషాలు" అని అరుస్తున్నాడు, పెళ్లి ముహూర్తం దాటిపోతున్నట్టు. అవ్వ గుమ్మంలో నిలబడి "వచ్చిండా?" అని అడిగింది. ఎవరని అడిగిందో నేను మళ్లీ అడగలేదు.

రీచార్జ్ లేకుండా మూడు నెలలు పడి ఉంటే నంబరు తీసేస్తారని, ఇంకో మూడు నెలలు పోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారని మాకు అప్పుడే తెలిసింది. చచ్చిపోయిన మనిషి ఫోనుకు నెలనెలా ఎవరు రీచార్జ్ చేయిస్తారండీ.

ఆధార్‌లో నంబరు మార్చుకోండి అన్నారు, యాభై రూపాయలే అన్నారు. అప్పట్లో నిజంగా యాభై రూపాయలే, అది తప్పు కాదు. కానీ దానికి వేలిముద్ర పడాలన్నారు. అవ్వ వేళ్లు మిర్చి ఏరీ, ఆకు కోసీ, బోళ్లు తోమీ గీతలు లేకుండా అయిపోయాయి. మెషీన్ మీద పెడితే ఎర్ర లైటు. కొబ్బరినూనె రాసి పెట్టించారు, తుడిచి పెట్టించారు, పది వేళ్లూ పెట్టించారు. స్టాంపు కాగితం మీద మసిలా పడ్డ వేలిముద్ర సరిపోయింది కానీ గాజు మీద పడనిది సరిపోలేదు. ఇంకో రోజు రండి అన్నారు. ఇంకో రోజు వెళ్తే కరెంటు లేదు.

ఈలోగా 2022 మార్చి 24న కోర్టు కొత్త గడువు పెట్టింది, మార్చి 20 లోపు చనిపోయినవాళ్లకు అరవై రోజుల్లో దరఖాస్తు పెట్టాలని. మహారాష్ట్రతో సహా నాలుగు రాష్ట్రాల్లో నూటికి ఐదు దరఖాస్తులు తనిఖీ చేసుకోవచ్చని కూడా అంది, దొంగ కాగితాలు పెడుతున్నారని. పెట్టినవాళ్లు ఉన్నారు, కాదనను. నాకు వాళ్ల మీద కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. నిజంగా చనిపోయిన మనిషికే మేం ఇన్ని తిప్పలు పడుతుంటే, చనిపోకుండా వాళ్లు ఎలా సాధించారో వచ్చి మాకు కాస్త నేర్పితే బాగుండేది.

ఆ గడువు ముగిసే మే 23 ఇంకో వారం ఉందనగా, ఒక రాత్రి టెన్షన్‌లో నాకు పిచ్చి ఆలోచన వచ్చింది. బాపు నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. నా గుండె ఎలా కొట్టుకుందో మీకు చెప్పినా మీరు అంకెలు, మీకు తెలియదు. అవతల ఎవరో కుర్రాడు, "హలో, కోణ్?" అన్నాడు. నేను ఏడుస్తూ మరాఠీలో చెప్తుంటే మధ్యలో ఆపి, "మీరేనా ఆ మామా వాళ్లు?" అన్నాడు. సిమ్ తీసుకున్నప్పటి నుంచి ఎవరెవరో ఫోన్ చేసి "మామా, మామా" అని అర్థం కాని భాషలో మాట్లాడుతున్నారట, ఆకు కల్లం లెక్కలు అడుగుతున్నారట. లాతూర్ వైపు వాడు, నాగపూర్‌లో పని చేసుకుంటున్నాడు. మీరు కూడా తరచూ వెళ్తున్నారట అతని దగ్గరికి.

అయితే ఆ అంకెలు చెప్పు తమ్ముడూ అంటే చెప్పనన్నాడు. ఎందుకు చెప్తాడు? మీరే కదా, వచ్చిన ప్రతిసారీ ఎవరికీ చెప్పొద్దు అని కింద రాసుకుని వస్తారు. వాడు మంచివాడు, మీ మాట విన్నాడు. వాట్సాప్‌లో డెత్ సర్టిఫికెట్ పంపమన్నాడు. పంపాను. పది నిమిషాలు చూశాడు. పేరు ముందూ వెనకా ఎందుకుంది అని అడగలేదు, కరోనా అని ఎక్కడుంది అని అడగలేదు. "రేపు పదకొండింటికి పంపించమను, నా లంచ్ టైమ్ అది" అన్నాడు.

మర్నాడు పదకొండు గంటల మూడు నిమిషాలకు మీరు నాగపూర్ వెళ్లి, అక్కణ్నుంచి నా ఫోనుకు వచ్చారు. ఆ నంబరు నా ఫోనులో ఇంకా పాత పేరుతోనే ఉంది. బాపు, అని పైన, కింద ఆరు అంకెలు. అవ్వ పక్కన కూర్చుని "ఏమంటుండు?" అంది. చదివి వినిపించాను.

డబ్బు వర్షాకాలంలో పడింది. బ్యాంకు ఖాతాకు కూడా ఆ నంబరే కదా, మెసేజ్ మాకు రాలేదు. జూలైలో ప్రాణహిత, గోదావరి రెండూ కలిసి ఊళ్ల మీదికొచ్చి మేం సామాను అటకెక్కిస్తున్నప్పుడు ఫోను మోగింది, తెర మీద బాపు. ఎత్తితే, "దాదా, పైసే ఆలే" అన్నాడు.

అవ్వ వేళ్లు ఇప్పటికీ ఏ మెషీన్ మీదా పడడం లేదు. రేషన్ కార్డుకు ఏదో ఈ-కేవైసీ అంటున్నారు, మళ్లీ మీరు వస్తారు. అందుకని ఆ కుర్రాడి నంబరుకు ఇరవై ఎనిమిది రోజులకోసారి మేమే రీచార్జ్ చేయిస్తున్నాం.

ఇట్లు,
చివరి నాలుగంకెలు మీకు తెలిసిన ఇంటివాడు