‘ఎవరూ కత్తి పెట్టి కొనిపించలేదు కదా’ అంటూ ఫార్వర్డ్ చేసేవాళ్లకు

ఈ మెసేజ్ నాకు ఇంకా పంపనివాళ్లు ఎవరైనా మిగిలారా అని వెతుక్కోవాల్సి వస్తోంది. కంపెనీలు మోసం చేశాయని ఏడవడం మానండి, కొన్నది మీరు కాబట్టి బాధ్యతా మీదే, అన్నది దాని సారాంశం. కింద ఆరు కారణాలు, చివర ఓ దండం బొమ్మ. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మొదటిది: "ఎవరూ మెడ మీద కత్తి పెట్టి కొనిపించలేదు." నిజమే, కత్తి పెడితే దాన్ని దోపిడీ అంటారు. కత్తి అవసరం లేకుండా జరిగేదాన్నే మోసం అంటారు. రెండూ నేరాలే.

రెండోది: "పిల్లలకు 'వద్దు' అని చెప్పలేని తల్లిదండ్రులదే తప్పు." వద్దు అనాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి కదా. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణలు చూడండి. ఒక్క బటన్ పొరపాటున నొక్కితే చాలు, కొనుగోలు అయిపోతుంది. 2018 వరకు పెద్దవాళ్ల అనుమతి అడగకుండానే పిల్లలు కార్డు మీద ఆటలోని డబ్బు కొనగలిగేవారు. ఆ ఖర్చు మేం ఒప్పుకున్నది కాదని కార్డు సంస్థకు ఫిర్యాదు చేస్తే ఆట ఖాతానే లాక్ చేసేవారు. 2022లో ఈ ఆరోపణల మీద 24.5 కోట్ల డాలర్లు, పిల్లల వివరాలు సేకరించినందుకు విడిగా 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇందులో ఆ తల్లి 'వద్దు' అనాల్సింది ఎప్పుడో, ఎవరితోనో మెసేజ్ రాసినవారే చెప్పాలి.

ఇంకోటి. 1991లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరేళ్ల పిల్లలు ఒక సిగరెట్ కంపెనీ కార్టూన్ ఒంటెను దాదాపు మిక్కీ మౌస్‌ను గుర్తుపట్టినంత తేలిగ్గా గుర్తుపట్టారు. ఆరేళ్ల పిల్లవాడు సిగరెట్ కొనిపెట్టమని మారాం చేయడు. పదేళ్లు పోయాక ఇంట్లో అడక్కుండానే కొనుక్కుంటాడు. ఆ ఒంటె 1997 వరకు ప్రకటనల్లో తిరుగుతూనే ఉంది.

మూడోది: "అన్నీ ప్యాకెట్ మీద రాసే ఉంటాయి, చదువుకోవాలి." ఇక్కడ సగం దూరం మీతో వస్తాను. రొట్టె మీద రాసుకునే చాక్లెట్ ముద్ద నుటెల్లాను పోషకాహారమని నమ్మి మోసపోయామని కోర్టుకెక్కిన పెద్దవాళ్లను మెసేజ్ వెక్కిరించింది. ఆ కేసు గురించి చదివినప్పుడు నాకూ నవ్వే వచ్చింది. డబ్బా మీద అన్నిటికంటే ముందు చక్కెర అని రాసి ఉంటే, చదవగలిగిన పెద్దవాళ్లు చదవాల్సిందే. కానీ కోకా-కోలా అమ్మే తీపి పానీయం విటమిన్‌వాటర్ మీద వచ్చిన ఇలాంటి కేసులో ఆ కంపెనీ లాయర్లు ఏమన్నారో కూడా వినండి. దీన్ని ఆరోగ్యకరమైన పానీయమని ఏ వినియోగదారుడూ పొరబడే అవకాశమే లేదన్నారు. అంటే పేరులో విటమిన్ పెట్టిందీ వాళ్లే, ఆ పేరును నమ్మడం తప్పన్నదీ వాళ్లే. 2010లో జడ్జి ఆ కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఆ లాయర్లు ఫీజు తీసుకుని చేసిన వాదనను మీరు ఉచితంగా ఊరంతా పంచుతున్నారు.

నాలుగోదే నాకు ఒళ్లు మండించింది: "తెలివితక్కువవాళ్లు ఎలాగూ మోసపోతారు, వాళ్ల కోసం చట్టాలెందుకు?"

1970ల్లో డబ్బా పాల కంపెనీలు పేద దేశాల ప్రసూతి ఆసుపత్రులకు నర్సుల్లా దుస్తులు వేసిన అమ్మకపు మనుషులను పంపాయి. అప్పుడే కాన్పయిన తల్లి చేతిలో ఉచిత నమూనా డబ్బా పెట్టారు. అది అయిపోయేసరికి బిడ్డ సీసాకు అలవాటు పడుతుంది, తల్లికి పాలు తగ్గిపోతాయి. తర్వాతి డబ్బా ఉచితం కాదు. కొనే స్తోమత లేక పొడి తగ్గించి, నీళ్లు పెంచి కలిపేవారు. ఆ నీళ్లు శుభ్రమైనవి కావు. పసిబిడ్డలు జబ్బుపడ్డారు, చనిపోయారు. ఈ తల్లి తెలివితక్కువదా? ఆసుపత్రిలో నర్సు దుస్తుల్లో ఉన్న మనిషి మాట మీరైతే నమ్మేవారు కాదా? లేబుల్ చదవాల్సిందంటారేమో, ఆమెకు చదువే రాకపోతే? ఆమె ఎవరిని నమ్ముతుందో ముందే తెలుసుకుని ఆ వేషమే వేసుకుని వచ్చారు. అలాంటివాళ్లకు లేని బాధ్యత బాలింతకు మాత్రం ఉండాలట! 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల సభ ఈ అమ్మకాలపై నియమావళి తెచ్చింది. తల్లులకు ఉచిత నమూనాలు ఇవ్వకూడదంది. 118 దేశాలు అవునన్నాయి, అమెరికా ఒక్కటే కాదంది.

మోసపోయినవాళ్లను మూర్ఖులని నలుగురిలో నవ్వితే వాళ్లు ఫిర్యాదు చేయరు, పక్కవాళ్లకు కూడా చెప్పుకోరు. అమ్మినవాడు నిశ్చింతగా తర్వాతి తలుపు తడతాడు. మీ ఫార్వర్డ్ వాడికి చేసిపెడుతున్న సాయం ఇదే.

ఐదోది: "మా చిన్నప్పుడూ ప్రకటనలు ఉన్నాయి, మేం చెడిపోయామా?" ఇలాంటివి ఫార్వర్డ్ చేయడం తప్ప ఇంకేం చెడిపోలేదు లెండి.

ఆరోది: "చట్టాలు పెడితే వ్యాపారాలు మూతపడతాయి." కెనడాలోని క్యూబెక్ 1980లోనే పదమూడేళ్లలోపు పిల్లలకు గురిపెట్టే వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకు వెళ్తే, 1989లో కెనడా సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే నిలబెట్టింది. అక్కడ బొమ్మలు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఏం కొనాలో తేల్చాల్సింది తల్లిదండ్రులేనని రెండో కారణంలో రాసింది మీరే కదా. అలాగైతే ఆ ప్రకటనలేవో వాళ్లకే చూపించమనండి, పిల్లలకెందుకు?