చిన్న కాలేజీ కోచ్‌కు పెద్ద పిలుపు: ఒక్క మార్చి నెలను చూడాలా, పదిహేనేళ్లను చూడాలా?

2025 మార్చి 22న విచిటాలో టెక్సస్ టెక్ చేతిలో ఓడి డ్రేక్ యూనివర్సిటీ జట్టు ఏటా మార్చిలో మొదలయ్యే జాతీయ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్ నుంచి బయటికొచ్చింది. రెండు రోజులు తిరిగేసరికి, 24న, ఆ జట్టు కోచ్ బెన్ మెకాలమ్ అయోవా యూనివర్సిటీ కోచ్ అయ్యారు. డ్రేక్‌లో ఆయన పనిచేసింది ఒక్క సీజన్. 31 గెలుపులు, 4 ఓటములు. ఒకే సీజన్‌లో అన్ని గెలుపులు ఆ యూనివర్సిటీ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. దాంతో చాలామంది ఆయన్ని ఒక్క ఏడాదిలో పైకొచ్చిన మనిషి అనుకున్నారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది వేరే. ఒక గొప్ప కోచ్ కళ్లెదుటే పనిచేస్తుంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ పదిహేనేళ్లపాటు పట్టించుకోలేదు.

ఆ పదిహేనేళ్లూ ఆయన మిస్సోరీ రాష్ట్రంలోని మేరీవిల్‌లో, నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో ఉన్నారు. ఈ పేరు మన పాఠకుల్లో కొందరికి కొత్తేమీ కాదు. ఎమ్మెస్ కోసం వెళ్లిన తెలుగు పిల్లలు ఆ చిన్న ఊళ్లో చాలామందే చదువుకున్నారు. కానీ వాళ్లు చదివిన క్యాంపస్‌లోని బాస్కెట్‌బాల్ జట్టు నాలుగుసార్లు జాతీయ చాంపియన్ అయిందన్న సంగతి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కు మెట్లుంటాయి. అన్నిటికంటే పైన డివిజన్ 1, అందులోనే 350కి పైగా యూనివర్సిటీలు. వాటిలోనూ బిగ్ టెన్, ఎస్ఈసీ, ఏసీసీ, బిగ్ 12, బిగ్ ఈస్ట్ లాంటి పెద్ద కాన్ఫరెన్సులవి (తమలో తాము లీగ్‌గా ఆడుకునే యూనివర్సిటీల బృందాలవి) ఒక లోకం, మిగతావి ఇంకో లోకం. టీవీ ఒప్పందాల డబ్బు, పెద్ద స్టేడియాలు, కోట్ల జీతాలు అన్నీ మొదటి లోకంలోనే. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగుల్లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది గవర్నర్ కాదు, యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. డివిజన్ 2 ఈ రెండు లోకాలకూ కింద ఉంటుంది. టీవీలో పెద్దగా కనిపించదు, స్కాలర్‌షిప్పులు తక్కువ, దూర ప్రయాణాలు ఎక్కువగా బస్సులోనే. మెకాలమ్ ఉన్నది అక్కడ.

2009లో ఆ ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు 30 ఏళ్లు కూడా నిండలేదు. తను ఆడిన కాలేజీకే కోచ్ అయ్యారు. మొదటి రెండు సీజన్లలోనూ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. పెద్ద యూనివర్సిటీ అయితే ఇంకో ఏడాది చూసి, పరిహారం చేతిలో పెట్టి పంపించేసేది. మేరీవిల్ ఓపిక పట్టింది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది ఆ ఓపికే. తర్వాత 2017లో డివిజన్ 2 జాతీయ టైటిల్. 2019లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 38-0తో టైటిల్. 2020లో 31-1తో ఉండగా కోవిడ్ వల్ల టోర్నమెంటే రద్దయింది. 2021లో మళ్లీ టైటిల్, 2022లో ఇంకోటి. ఆయన అక్కడి నుంచి కదిలేనాటికి లెక్క 395 గెలుపులు, 91 ఓటములు.

మరి ఇన్నేళ్లు పైమెట్టు వాళ్లు ఎందుకు పిలవలేదు? కింది డివిజన్‌లో గెలిచే పద్ధతి పైన చెల్లదన్న నమ్మకం ఆ రంగంలో బలంగా ఉంది. అక్కడ ఆటగాళ్లు పొట్టివాళ్లు, ఇక్కడ ఏడడుగులవాళ్లు ఎదురవుతారు, వందలమంది రిక్రూటర్లతో పోటీ పడాలి, టీవీ కెమెరాల ముందు టెన్షన్ తట్టుకోవాలి అంటారు. ఇందులో కొంత నిజముంది. కానీ మెకాలమ్ జట్లు ఆడే తీరు చూస్తే ఆ భయానికి ఆధారం పెద్దగా కనబడదు. బంతిని తొందరపడి వదలరు. 30 సెకన్ల గడియారాన్ని దాదాపు చివరిదాకా వాడుకుంటారు. స్క్రీన్ పెట్టి (ఎదుటి ఆటగాడి దారికి అడ్డంగా నిలబడి), డిఫెన్స్ ఎటు కదిలిందో చూసి, మంచి షాట్ దొరికేదాకా మళ్లీ మళ్లీ అదే పని చేస్తారు. ఎదుటివాళ్ల చేతికి బంతి ఊరికే ఇవ్వరు. దీనికి ఏడడుగుల మనుషులు అక్కర్లేదు, కలిసి ఏళ్లతరబడి సాధన చేసినవాళ్లు కావాలి.

డ్రేక్‌లో అది రుజువైంది. మేరీవిల్ నుంచి నలుగురు ఆటగాళ్లు ఆయన వెంట వచ్చారు. వాళ్లలో బెన్నెట్ స్టర్ట్జ్ హైస్కూలు పూర్తయినప్పుడు డివిజన్ 1 కాలేజీ ఒక్కటీ పిలవని కుర్రాడు. డ్రేక్‌కు వచ్చిన మొదటి ఏడాదే మిస్సోరీ వ్యాలీ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. వాండర్‌బిల్ట్, కాన్సస్ స్టేట్ లాంటి పెద్ద జట్లను డ్రేక్ ఓడించింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో 11వ సీడ్‌గా దిగి (ఈ అంకె పెరిగేకొద్దీ జట్టు బలహీనమని లెక్క), 6వ సీడ్ మిస్సోరీని 67-57తో ఇంటికి పంపింది. తమ రాష్ట్రంలోనే పదిహేనేళ్లు ఉన్న కోచ్ చేతిలో, తమ రాష్ట్రంలోని డివిజన్ 2 కాలేజీ ఆటగాళ్ల చేతిలో ఆ రాష్ట్ర ప్రధాన యూనివర్సిటీ ఓడిపోయింది. డివిజన్ 2ను తక్కువగా చూసే అథ్లెటిక్ డైరెక్టర్లకు, అంటే కోచ్‌లను నియమించే క్రీడా విభాగాల అధిపతులకు, ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పాలి?

ఇప్పుడు రెండో రకం నియామకాలు, అంటే ఒక్క మార్చి సంచలనం చూసి జరిగేవి, చూద్దాం. 2022 మార్చిలో 15వ సీడ్‌గా వచ్చిన సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ కెంటకీని, మర్రే స్టేట్ యూనివర్సిటీని, పర్డ్యూను వరసగా ఓడించి చివరి ఎనిమిదిలోకి వెళ్లింది. 15వ సీడ్ అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. కోచ్ షహీన్ హాలోవేను వెంటనే సీటన్ హాల్ తీసుకుంది. అది ఆయన ఆడిన కాలేజీయే, కాబట్టి వెళ్లడాన్ని తప్పుపట్టలేం. 2024లో రెండో శ్రేణి టోర్నమెంటైన ఎన్‌ఐటీ గెలిపించారు కూడా. ఆ మరుసటి సీజన్ 7-25. ఎన్‌ఐటీ గెలిచిన జట్టులోని ముఖ్యులు వెళ్లిపోయాక, డబ్బున్న జట్లతో పోటీ పడలేక ఏం జరగాలో అదే జరిగింది.

షాకా స్మార్ట్ సంగతి ఇంకా వివరంగా చూడాలి. 2011లో వీసీయూ (వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ) జట్టును తొలి అర్హత మ్యాచ్ నుంచి ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్లు) దాకా తీసుకెళ్లారు. పిలుపులు వచ్చినా తొందరపడలేదు, 2015లో టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లారు. డబ్బుకు అక్కడ లోటు లేదు. అయినా ఆరేళ్లలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ తొలి మ్యాచ్‌లోనే ఓడారు. 2021లో మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ యూనివర్సిటీకి మారాక, 2023లో జట్టును బిగ్ ఈస్ట్ చాంపియన్‌ను చేశారు. ఆ సీజన్‌కు ముందు అదే జట్టు తొమ్మిదో స్థానంలో ఉంటుందని కాన్ఫరెన్స్ కోచ్‌లు అంచనా వేశారు. మనిషి అదే, పద్ధతిలో కూడా పెద్ద తేడా లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ తర్వాతే అన్నీ అనుకునే టెక్సస్‌లో పొసగనిది, బాస్కెట్‌బాలే ప్రాణమైన మిల్వాకీలో పొసగింది. కోచ్ ఎంత మంచివాడన్నది ఒక ప్రశ్న అయితే, ఎక్కడ మంచివాడన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

చిన్నచోటి నుంచి వచ్చి పైన నిలబడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ నుంచి 2022లో ఫ్లోరిడాకు వెళ్లిన టాడ్ గోల్డెన్ 2025లో జాతీయ టైటిల్ గెలిచారు. 2018లో యూఎంబీసీ అనే చిన్న మేరీల్యాండ్ యూనివర్సిటీ కోచ్‌గా నంబర్ వన్ సీడ్ వర్జీనియాను 74-54తో ఓడించిన రయాన్ ఓడమ్, యూటా స్టేట్, వీసీయూల మీదుగా 2025లో ఆ వర్జీనియాకే కోచ్ అయ్యారు. ఆ ఒక్క రాత్రి పేరుతోనే ఆయన ఏడేళ్ల కింద పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోయి ఉండవచ్చు. మెట్టు మెట్టుగా వెళ్లారు, ప్రతిచోటా జట్టును ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు చేర్చి చూపించారు. నాకు నచ్చిన దారి అది.

కానీ ఆ దారి ఇప్పుడు ఇరుకవుతోంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు ప్రకటనల వంటి వాటితో తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. కాలేజీ మారితే ఏడాది ఆటకు దూరంగా కూర్చోవాలన్న పాత నిబంధన పోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు పంచుకోవచ్చు. ఇందులో ఆటగాళ్లకు జరిగిన న్యాయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కోచ్‌లు కోట్లు తీసుకుంటూ, ఒప్పందాలు తెంచుకుని వెళ్లిపోతున్నప్పుడు ఆటగాడు మాత్రం కట్టుబడి ఉండాలనడం అన్యాయం. స్టర్ట్జ్ లాంటివాడు మేరీవిల్ నుంచి డ్రేక్‌కు, అక్కడి నుంచి అయోవాకు కోచ్ వెంటే వెళ్లగలిగాడంటే ఆ స్వేచ్ఛ వల్లే.

నష్టం మాత్రం చిన్న కాలేజీలకు మిగిలింది. 2025 టోర్నమెంట్‌లో చివరి 16 జట్లూ నాలుగే నాలుగు కాన్ఫరెన్సుల నుంచి వచ్చాయి. డ్రేక్‌నే చూడండి. 2024లో డేరియన్ డెవ్రీస్ వెస్ట్ వర్జీనియాకు వెళ్లారు, ఏడాది తిరక్కుండానే అక్కడి నుంచి ఇండియానాకు మారారు. ఆయన స్థానంలో వచ్చిన మెకాలమ్ కూడా ఏడాదికే వెళ్లారు. రెండు వసంతాల్లో ఇద్దరు కోచ్‌లు, వాళ్లతో పాటు జట్టులోని ముఖ్యులు. కోచ్‌ను తీసుకెళ్లేవాళ్లు బైఅవుట్ డబ్బు (ఒప్పందం మధ్యలో తెంచినందుకు పరిహారం) కడతారు. ఆటగాళ్లు వెళ్లినందుకు చిన్న కాలేజీకి దక్కేది ఏమీ లేదు. మనం ఫుట్‌బాల్ అనే సాకర్ క్లబ్బుల లోకంలో ఆటగాణ్ని తయారుచేసిన చిన్న క్లబ్‌కు శిక్షణ పరిహారం ఇవ్వాలని ఫిఫా నిబంధన ఉంది. కాలేజీ బాస్కెట్‌బాల్‌లోనూ అలాంటిది రావాలి. ఆ భారం ఆటగాడి మీద పడకుండా తీసుకునే యూనివర్సిటీయే కట్టాలి.

అన్ని ప్రయాణాలూ పెద్దచోటికే వెళ్లాలని లేదు కూడా. మార్క్ ఫ్యూ 1999 నుంచి స్పోకేన్ నగరంలోని గోంజాగా యూనివర్సిటీకే కోచ్‌గా ఉన్నారు. ఎన్ని పిలుపులు వచ్చినా స్పోకేన్ వదల్లేదు. 2017లో, 2021లో జట్టును జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లారు. అయితే ఇది ఒక్క మనిషి నిబద్ధత వల్ల జరిగింది కాదు. యూనివర్సిటీ 2004లో కొత్త అరీనా కట్టింది, జీతం పెంచుతూ పోయింది, విమాన ప్రయాణాలకు ఖర్చు పెట్టింది. కోచ్ ఉండిపోవాలని కోరుకునే కాలేజీలు ఎన్నో ఉన్నాయి, దానికి తగ్గట్టు ఏళ్లతరబడి డబ్బు పెట్టినవి చాలా కొద్ది.

మెకాలమ్ విషయంలో అయోవా సరైన పనే చేసింది. ఆయన పుట్టింది అయోవా సిటీలో, పెరిగింది ఆ రాష్ట్రంలోనే, ఆటగాళ్లను వెతకాల్సిన ఊళ్లన్నీ ఆయనకు తెలుసు. టెక్సస్‌లో స్మార్ట్‌కు దొరకని పొత్తు ఇక్కడ మొదటిరోజే ఉంది. నా అసంతృప్తి అయోవా మీద కాదు. 2019లో 38-0 సీజన్ ముగిసిన రోజు ఆయన నంబర్‌కు ఫోన్ చేసి ఉద్యోగం చేతికివ్వగల డైరెక్టర్లు ఆ మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోనే డజన్ల కొద్దీ ఉన్నారు. ఈ రోజు డివిజన్ 2లో, చిన్న కాన్ఫరెన్సుల్లో అలాగే గెలుస్తున్న కోచ్‌లు ఇంకా ఉన్నారు. వాళ్ల పేర్లు టోర్నమెంట్‌లో ఒక సంచలనం జరిగేదాకా ఆగకుండా, వచ్చే ఖాళీకే ఇంటర్వ్యూ జాబితాలోకి ఎక్కాలి.