పద్దెనిమిదా, పంతొమ్మిదా?

మా బామ్మర్ది ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. మా ఆవిడకు చెప్పలేదు. చెప్తే ఆమె ఫోన్‌లోంచి చేయిస్తుంది.

వాడుండేది బెంగళూరులో, నేను కర్నూల్లో. కొత్త సైకిలు కొనుక్కుని పాత గేర్ల సైకిలు నాకు అంటగట్టాడు. "పొద్దున్నే సీ క్యాంపు నుంచి కొండారెడ్డి బురుజు దాకా తొక్కు బావా, షుగరు దెబ్బకు దిగొస్తుంది" అన్నాడు. షుగరు సంగతి దేవుడెరుగు, సరిగ్గా రాజ్‌విహార్ సెంటర్ దాటుతుంటే గేరు దానంతటదే మారిపోయి కాళ్లు గాల్లో తిరిగేవి. ఆ మాటే వాడికి చెప్పాను.

"గేర్లన్నీ పీకించి సింగిల్ స్పీడ్ చేయించు బావా. ఇక్కడ అందరూ అదే చేస్తున్నారు. మెయింటెనెన్సే ఉండదు."

అక్కడితో ఊరుకోడుగా. వరసపెట్టి వాయిస్ మెసేజ్‌లు. కొండదారులకైతే చైను తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 32 పళ్లు, వెనకదానికి 16, అంటే రెండుకు ఒకటి. చదును రోడ్డుకైతే 44కు 16. నీ సైకిలుకు ముందు మధ్య చక్రం 38 కాబట్టి వెనక 18 వేయించు, పెడల్ ఒక్క చుట్టు తిరిగితే నాలుగు మీటర్ల పైచిలుకు పోతావు. పొరపాటున కూడా 16 వేయించకు, జగన్నాథగట్టు ఎక్కలేవు. వాడు ఏనాడూ జగన్నాథగట్టు ఎక్కలేదు. నేను ఎక్కాను, కారులో.

సరేనని పాతబస్తీలో ఒక సైకిల్ షాపుకు పోయాను. గోడ మేకుకు ఇనుప తీగతో ఫ్రీవీళ్లు, అంటే వెనక చక్రానికి బిగించే పళ్లచక్రాలు, గుచ్చి ఉన్నాయి.

"భాయ్, 18 పళ్ల ఫ్రీవీల్ ఒకటి కావాలి."

"పళ్లేంది సార్? పెద్దదా, చిన్నదా?"

"18 భాయ్."

"బరువు మోసే పాలోళ్లకు పెద్దది. కాలేజీ పిల్లోళ్లకు చిన్నది. మీరేం చేస్తారు సార్?"

"బ్యాంకులో చేసి రిటైరయ్యాను."

"అయితే మధ్యది" అని ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

మధ్యదంటే ఎన్ని పళ్లు? భాయ్ లెక్కపెట్టి 17 అన్నాడు. పంచర్ వేయించుకోను వచ్చినాయన లాక్కుని 19 అన్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్రీవీల్ నడుం పట్టుకుని పళ్లు లెక్కపెట్టబోతే, వేలు తగిలినప్పుడల్లా పై చక్రం టిక్కుమని కాస్త జరుగుతుంది. వేలు ముందుకు పోతుంటే పళ్లూ ముందుకే పోతాయి. ఎక్కడ మొదలుపెట్టామో బ్రహ్మక్కూడా తెలీదు. పక్కనున్న టైలర్ సుద్దముక్క ఇచ్చాడు. గ్రీజు మీద సుద్ద నిలవలేదు. దారం కట్టాం. అది కట్టిన పన్ను లెక్కలోకి వస్తుందా రాదా అని భాయ్‌కీ పంచరాయనకూ మాటామాటా పెరిగింది.

అప్పుడే గాలి కొట్టించుకోడానికి లెక్కల సారొకాయన వచ్చాడు. రిటైరై చాలా ఏళ్లయినట్టుంది. "ఏందప్పా, ఇన్నిమంది కలిసి ఒక చక్రం లెక్కపెట్టలేరా?" అని అద్దాలు పైకి నెట్టుకుని, ఫ్రీవీల్‌ను బొటనవేలితో గట్టిగా అదిమి పట్టి మొదలుపెట్టాడు. పద్ధతైన మనిషి. ఒక్కో పన్నూ తాకుతూ, పైకి వినబడేలా. పదకొండు, పన్నెండు... "నమస్తే సార్!" అంటూ ఒకడు స్కూటర్ ఆపాడు. సారు తలెత్తి, "ఏం చేస్తుండావురా ఇప్పుడు?" "మెడికల్ షాపు సార్." "మంచిది, మంచిది." మళ్లీ ఒకటి నుంచి. పద్నాలుగు దాకా వచ్చేసరికి బురఖాలో ఒకామె, "సార్, నేను టెన్త్ బీ సెక్షన్." ఆమె కూతురికి ఏ కాలేజీలో సీటొచ్చిందో, హాస్టల్ ఫీజు ఎంతో తెలుసుకున్నాం. మళ్లీ ఒకటి. ఆ వీధిలో ఆయన దగ్గర చదువుకోనివాడు నేనొక్కడినే అనిపించింది. చివరికి ఆటోవాడొకడు ఆగి నమస్కారం పెడితే సారుకు విసుగొచ్చి, "ఒరే, నువ్వే లెక్కపెట్టు" అని వాడి చేతికిచ్చాడు. ఆటోలో కూర్చున్న ముసలావిడ, రైలు పోతుందని మొత్తుకుంటోంది. వాడు చేతులు కట్టుకోడం ఒక్కటే తక్కువ, అంత వినయంగా లెక్కపెట్టి 19 సార్ అన్నాడు.

"అప్పుడూ ఇంతేరా నువ్వు" అన్నాడు సారు.

భాయ్ ఏమనుకున్నాడో, కిరసనాయిలు గుడ్డతో ఫ్రీవీల్ మొహం తుడిచాడు. గ్రీజు కింద అచ్చుగుద్ది ఉంది: 18.

సారు మా అందరివైపూ తిరిగి, "అందుకే ప్రశ్న పూర్తిగా చదవమని చెప్పేది" అని, గాలి కొట్టించుకోకుండానే వెళ్లిపోయాడు.

పాత గేర్ల గుత్తి ఊడదీయడం, కొత్తది బిగించడం భాయ్ ఎలాగో చేశాడు. మర ఒకటే కాబట్టి తిరగడం బాగానే తిరిగింది. గేర్ల సైకిలు చైను సన్నం, లోపలి వెడల్పు అంగుళంలో 3/32 వంతే. ఈ ఫ్రీవీల్ పళ్లకు 1/8 చైను కావాలి. అదీ కొన్నాను. అసలు చిక్కు తర్వాత వచ్చింది. మామూలు సైకిలుకైతే వెనక చక్రాన్ని గాడిలో వెనక్కి లాగి చైను బిగిస్తారు. ఈ సైకిలు గాడి నిలువుగా ఉంది, చక్రం వెనక్కి రాదు. చైను పెళ్లిపందిరి తోరణంలా వేలాడింది. తగ్గిస్తే అంగుళానికి తక్కువ తగ్గదు. అంగుళం తీస్తే చైను అతుక్కోదు, తీయకపోతే పళ్ల మీద నిలవదు.

బామ్మర్దికి ఫోన్ చేశాను. "అయ్యో, చైను వేలాడకుండా పట్టే టెన్షనర్ పెట్టించాలి బావా, చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. అన్ని వాయిస్ మెసేజుల్లో ఆ ఒక్క మాట లేదు. "ఏం ఫర్లేదు, పాత గేర్లు మార్చే మిషను ఉంది కదా, కేబుల్ తీసేసి, స్క్రూ బిగించి ఒకే చోట నిలబెట్టు. చైను అదే పట్టుకుంటుంది."

ఆ మిషన్ని భాయ్ అప్పటికే నా కళ్లముందే పాత ఇనుము డబ్బాలో పడేశాడు. అడిగితే డబ్బాలోంచి తీసి, గుడ్డతో తుడిచి, రెండు వైపులా తిప్పి చూసి, "విదేశీ మాల్ సార్ ఇది. మూడు వందలు" అన్నాడు.

"ఇది నాదే కదా భాయ్!"

"ఇందాక మీదే సార్. ఇప్పుడు డబ్బాలో ఉంది కదా."

రెండు వందల యాభైకి తెగింది. బిగించాడు. లావు చైను ఆ సన్నటి సందులో ఒరుసుకుంటూ కీచుకీచుమంది. నూనె పోస్తే పోతుంది సార్ అని నూనెకు ఇరవై వేరే తీసుకున్నాడు.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ సైకిలును వంగి వంగి చూశాడు. వెనక వేలాడుతున్న మిషన్ని వేలితో మెల్లగా తట్టాడు.

"గేర్లు పెట్టించినారా సార్? ఎంత పడింది?"