ఆఖరున కదిలిన బండి

2020 మార్చి 26, లాక్‌డౌన్ మొదలై రెండో రోజు. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో ప్రత్యేక రైలు నడపడం ఆ రోజే మొదలైంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఢిల్లీ పిల్లలకు పాలు కావాలి. అదే రోజు ఇటు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద, హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించగా బయలుదేరిన ఆంధ్ర యువకులు రాత్రంతా రోడ్డు మీద గడిపి, తెల్లవారినా కదలలేక నిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో హైదరాబాద్ పోలీసులు ఇచ్చిన నిరభ్యంతర పత్రాలున్నాయి. గేటు ఇవతల ఉన్న ఆంధ్ర పోలీసులకు ఆ పత్రాలతో పనిలేదు. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికి అన్నారు. ఇద్దరు ముఖ్యమంత్రులు ఫోనులో మాట్లాడుకోవలసి వచ్చింది. తర్వాత తెలంగాణ పోలీసులు ఆ పత్రాలు చెల్లవని ప్రకటించారు. ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి విజ్ఞప్తి చేశారు.

అప్పటికి రెండు రాష్ట్రాలు విడిపోయి ఆరేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లల్లో చాలామందికి గరికపాడు అంటే బస్సు కిటికీలోంచి కనిపించి పోయే ఒక బోర్డు. అక్కడ ఒక సరిహద్దు ఉందని వాళ్లకు ఆ రాత్రే తెలిసింది.

రైళ్లు ఆపకుండా ఉండవలసిందనే వాదన నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. జ్వరం ఉన్నవాడూ లేనివాడూ ఒకే బోగీలో ఒరుసుకుని పదహారు గంటలు ప్రయాణిస్తే ఏమవుతుందో ఊహించడానికి వైద్యుడు కానక్కరలేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టంలోనే రైలు ప్రయాణికులను తనిఖీ చేసి, అనుమానం ఉన్నవారిని వేరుగా ఉంచే అధికారం రాసి ఉంది. బొంబాయి ప్లేగు రోజుల్లో పుట్టిన చట్టం అది. రైలుకూ రోగానికీ ఉన్న చుట్టరికం మన పాలకులకు కొత్త విషయం కాదు. నా అభ్యంతరం ఆపిన తీరు మీద. అంతకంటే ఎక్కువగా, మళ్లీ నడిపిన వరుస మీద.

ఆపిన తీరు చూద్దాం. మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజే రైల్వే శాఖ దేశంలోని ప్రయాణికుల రైళ్లన్నిటినీ నెలాఖరు వరకు రద్దు చేసింది. రోజుకు పదమూడు వేలకు పైగా బండ్లు నడిచే వ్యవస్థ అది. 1974 మేలో జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో ఇరవై రోజుల సమ్మె జరిగినప్పుడు కూడా ప్రభుత్వం ఎలాగో కొన్ని రైళ్లు నడపగలిగింది. ఈసారి అవీ లేవు, గూడ్సు బండ్లు మాత్రమే తిరిగాయి. రైళ్లు ఆగిన రెండు రోజులకు, మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. అమలు ఆ అర్ధరాత్రి నుంచే. అంటే, ఇల్లు చేరుకోవలసిన అవసరం ఉందని కూలీకి తెలిసేసరికే ఇల్లు చేర్చే బండి వెళ్లిపోయింది.

వైరస్ పల్లెలకు పాకకూడదనే అలా చేశామన్నారు. ఆ రోజుకు దేశంలో నమోదైన కేసులు దాదాపు ఐదు వందలు. కూలీల కోసం మొదటి రైలు కదిలిన మే 1 నాటికి ముప్పై ఐదు వేలు. అప్పటి నుంచి ఆగస్టు వరకు నాలుగు వేల ఆరు వందలకు పైగా శ్రామిక్ రైళ్లలో అరవై మూడు లక్షల మంది సొంత రాష్ట్రాలకు వెళ్లారు. ఏ ప్రయాణాన్ని ప్రమాదకరమని మార్చిలో ఆపారో ఆ ప్రయాణమే, ప్రమాదం ఎన్నో రెట్లు పెరిగాక జరిగింది. మధ్యలోని నలభై రోజుల్లో వాళ్లు పోగొట్టుకున్నవి కూలి డబ్బులు, తిండి, మేస్త్రీ మీద నమ్మకం. నాలుగు రోజుల గడువిచ్చి, పరీక్షించి, ప్రత్యేక బండ్లు నడిపి ఆ తర్వాత తలుపులు వేసి ఉంటే ఇంత జరిగేది కాదని నా అభిప్రాయం. వెనక్కి చూసి చెప్పడం తేలికేనని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ ముందు చూసి చెప్పవలసినవారు చెప్పలేదు కదా.

ఆ నలభై రోజుల్లో జనం తమ దారులు తాము వెతుక్కున్నారు. ములుగు జిల్లా పేరూరులో మిరప కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు, లాక్‌డౌన్ పొడిగించారని తెలియగానే అడవి దారిన నడక మొదలుపెట్టారు. వారిలో ఉన్న పన్నెండేళ్ల బాలిక మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి కొద్ది దూరంలో ఏప్రిల్ 18న కన్నుమూసింది. తర్వాత చేసిన పరీక్షలో ఆమెకు కరోనా లేదని తేలింది. చెన్నైలో చిక్కుకున్న సిక్కోలు మత్స్యకారులు కొందరు, రోడ్డు మూస్తే సముద్రం ఉంది కదా అని పడవలో ఇచ్ఛాపురం తీరానికి చేరుకున్నారు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో ఆగిపోయిన నాలుగు వేల మందికి పైగా ఉత్తరాంధ్ర మత్స్యకారులను ఏప్రిల్ చివర్లో బస్సుల్లో తీసుకొచ్చారు. గుజరాత్ తీరం నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో! అదే దారిలో రైలు పట్టాలు ఖాళీగా పడి ఉన్నాయి.

పట్టాలు నిజంగా ఖాళీగా ఉన్నాయా? మహారాష్ట్రలోని జాల్నా ఉక్కు కర్మాగారంలో పనిచేసే మధ్యప్రదేశ్ కూలీలు అలాగే అనుకున్నారు. పట్టాల వెంబడి నడిచి నడిచి, అలసిపోయి, కర్మాడ్ దగ్గర పట్టాల మీదే నిద్రపోయారు. మే 8 తెల్లవారుజామున వచ్చిన గూడ్సు బండి కింద పదహారు మంది చనిపోయారు. ఆ మార్గం మన దక్షిణ మధ్య రైల్వే పరిధిలోనిదే. సరుకుకు రైలు ఉంది, మనిషికి లేదు. ఆ తేడా ఎంత ప్రాణాంతకమో అంత కర్కశంగా చెప్పిన సంఘటన మరొకటి లేదు. ఆ పట్టాల మీద చెల్లాచెదురైన రొట్టెల ఫొటో చూసినవారెవరూ మరిచిపోయి ఉండరు.

ఇక కూలీల తొలి రైలు సంగతి. అది మే 1 తెల్లవారుజామున కదిలింది మన లింగంపల్లి నుంచే. గమ్యం జార్ఖండ్‌లోని హటియా, ప్రయాణికులు సుమారు పన్నెండు వందల మంది. దీన్ని ప్రభుత్వాల ముందుచూపుగా చెప్పుకున్నారు. రెండు రోజుల ముందు, ఏప్రిల్ 29న, సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు ఇళ్లకు పంపమని తిరగబడ్డారు, పోలీసులతో ఘర్షణ జరిగింది. ఆ తొలి బండి ఎక్కినవారు ఆ కూలీలే. రాళ్లు లేచాక పట్టాలు కదిలాయి. ఆ తర్వాత టికెట్టు ఖర్చు ఎవరిదనే పంచాయితీ నెల సాగింది. కూలీల దగ్గర చార్జీ వసూలు చేయవద్దని మే 28న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. శ్రామిక్ రైళ్లలో తొంభై ఏడు మంది మరణించారని సెప్టెంబరులో రైల్వే మంత్రి రాజ్యసభకు తెలిపారు. దారుల్లో చనిపోయిన వలస కార్మికుల లెక్క తమ దగ్గర లేదని అదే నెలలో కార్మిక శాఖ లోక్‌సభకు చెప్పింది. రైలెక్కితేనే మరణమూ లెక్కలోకి వచ్చిందన్నమాట.

ఇప్పుడు మళ్లీ నడిపిన వరుస. మే 12న ఢిల్లీ నుంచి పదిహేను నగరాలకు రైళ్లు మొదలయ్యాయి, అన్నీ ఏసీ బోగీలే. వాటిలో ఒకటి సికింద్రాబాద్‌కు. జూన్ 1న మరో రెండు వందల రైళ్లు వచ్చాయి, అన్నిటికీ రిజర్వేషన్ తప్పనిసరి. జనరల్ బోగీలో కూర్చోవాలన్నా ముందుగా సీటు బుక్ చేసుకోవాలి. ఫోనులో టికెట్టు తీసుకోవడం తెలియని మనిషికి రైలు ఉన్నా లేనట్టే. హైదరాబాద్‌లో మెట్రో 2020 సెప్టెంబరులోనే నడిచింది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు రావడానికి 2021 జూన్ దాకా పట్టింది, పదిహేను నెలలు. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా కొద్ది రూపాయల టికెట్టుతో పనికి వెళ్లే మనుషుల బండి అది. దక్షిణ మధ్య రైల్వేలో రిజర్వేషన్ అక్కరలేని ప్యాసింజర్లు పెద్ద సంఖ్యలో పట్టాలెక్కింది 2021 జూలైలో. సినిమా హాళ్లు, బార్లు, ఎన్నికల సభలు అన్నీ వాటికంటే ముందే తెరుచుకున్నాయి. రోగభయమే కారణమైతే, అద్దాలు బిగించిన ఏసీ బోగీ కంటే కిటికీలన్నీ తెరిచి ఉండే ప్యాసింజర్ బండి ముందు కదలాలి.

కదిలిన తర్వాతయినా అది పాత బండిగా రాలేదు. ప్రత్యేక రైలు అనే పేరు తగిలించుకుని ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చింది. కనీస చార్జీ పది నుంచి ముప్పై రూపాయలైంది. బండి వేగం మాత్రం మారలేదు, ప్రతి గూడ్సుకూ దారిస్తూ లూప్ లైనులో నిలబడటమూ మారలేదు. పాలమ్మే మనిషికీ, పూలబుట్టతో టౌనుకు వెళ్లే ఆడమనిషికీ రోజుకు నలభై రూపాయల తేడా చిన్నది కాదు. ఈ చార్జీని వెనక్కి తీసుకున్నది 2024 ఫిబ్రవరి చివర్లో. అప్పటికి మాస్కులు ఎక్కడ పెట్టామో కూడా మరిచిపోయాం. చిన్న స్టేషన్లలో ఎత్తేసిన హాల్టుల కోసమైతే ఎంపీల చుట్టూ వినతిపత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

సరిహద్దుల కథలోనూ ఇదే వరుస. 2020 ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు వచ్చే రోడ్లకు అడ్డంగా ఇటుకలతో గోడలే కట్టించారు. విమర్శలు రాగానే కూల్చేశారు. అదొక హాస్యాస్పదమైన ముచ్చట. కంటికి కనిపించని గోడలు ఎక్కువ కాలం నిలిచాయి. ఆ వేసవిలోనే కారున్నవారు ఈ-పాస్‌తో, తర్వాత అదీ లేకుండా, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి వచ్చారు. అంతర్రాష్ట్ర ప్రయాణాలను అడ్డుకోవద్దని ఆగస్టులో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. అయినా రెండు ఆర్టీసీల బస్సులు నవంబరు 2 దాకా సరిహద్దు దాటలేదు. అందుకు కరోనా కారణం కాదు. తెలంగాణలో ఆంధ్ర బస్సులు రోజుకు రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా తిరుగుతున్నాయి, మా బస్సులు అక్కడ అంత తిరగడం లేదు, సమానం చేయండి అని తెలంగాణ పట్టుబట్టింది. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ బేరం బస్సులు ఆగి ఉన్నప్పుడే తేలాలని పట్టుబట్టడంలో లేదు. దసరాకు ఆంధ్ర ఆర్టీసీ బస్సులు సరిహద్దు దాకా వచ్చి ఆగాయి. మూటాముల్లెతో దిగి, నడిచి గీత దాటి, ఆవల బస్సు ఎక్కారు జనం. చివరికి ఇరువైపులా చెరి లక్షా అరవై వేల కిలోమీటర్ల చొప్పున ఒప్పందం కుదిరింది.

2021 మేలో రెండో ఉధృతి వచ్చినప్పుడు అదే గీత దగ్గర అంబులెన్సులు నిలబడ్డాయి. కర్నూలు వైపు పుల్లూరు టోల్‌గేటు వద్ద, కోదాడ దగ్గర రామాపురం వద్ద, ఆక్సిజన్ పెట్టుకున్న రోగులను తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం పోలీసులు ఆసుపత్రి అనుమతి పత్రం చూపమన్నారు. చట్టప్రకారం హైదరాబాద్ అప్పటికింకా ఉమ్మడి రాజధాని. పడకలు తమ ప్రజలకే చాలడం లేదన్న తెలంగాణ ఇబ్బంది నిజమైనదే. అయినా ఊపిరాడని మనిషిని గేటు దగ్గర ఆపే అధికారం ఆ ఇబ్బంది ఇవ్వదని తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. గరికపాడు నుంచి పుల్లూరు వరకు, పద్నాలుగు నెలల్లో మనవాళ్లు నేర్చుకున్నది ఇదేనా అని ఆ రోజుల్లో అనిపించింది.

అత్యవసరం పేరుతో తీసేసినవాటిలో ఒకటి నేటికీ తిరిగి రాలేదు. 2020 మార్చి 20 నుంచి రైల్వే శాఖ వృద్ధుల టికెట్టు రాయితీని నిలిపివేసింది. అరవై దాటిన మగవారికి నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి యాభై శాతం తగ్గింపు అది. అవసరం లేకుండా పెద్దవాళ్లు ప్రయాణాలు చేయకుండా, వాళ్ల ఆరోగ్యం కోసమే ఈ నిర్ణయమని అప్పుడు చెప్పారు. తర్వాత పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగినా, ప్రయాణికులందరికీ టికెట్టులో ఇప్పటికే సగం దాకా రాయితీ ఇస్తున్నాం కదా అన్నదే జవాబు. ఆరోగ్యం మాట ఆ జవాబులో లేదు.