సిగ్నల్ పోయిన చోటే యాప్ పస తెలిసేది

‘ఫోన్‌లో తప్పక ఉండాల్సిన యాప్‌లు’ అంటూ వచ్చే జాబితాలు చాలావరకు ఎక్కడ నిలబడ్డా నెట్ నిండుగా వస్తుందనే ధీమాతో రాసినవే. అచ్చంపేట దాటి, మన్ననూరు చెక్‌పోస్టు మీదుగా శ్రీశైలం దారి పట్టిన మనిషికి ఆ జాబితాలో సగం పనికిరాదు. నల్లమల లోపలికి వెళ్తున్నకొద్దీ సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. రాచకొండ గుట్టల్లో, దేవరకొండ ఖిల్లా వెనకవైపు బండల చాటున కూడా అంతే. అందుకే దక్షిణ తెలంగాణలో తిరిగేవాళ్లు ఏ యాప్‌నైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: డేటా లేనప్పుడు నువ్వేం చేస్తావు? రేటింగులు, డౌన్‌లోడ్ల లెక్కలు ఆ తర్వాతి మాట.

ముందు ఒక అపోహ తీరాలి. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. జీపీఎస్‌కు సెల్ టవర్‌తో పనిలేదు. ఉపగ్రహాలు పంపేదాన్ని ఫోన్ వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా, లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు, మీరున్న చోటు తెలుస్తూనే ఉంటుంది. నెట్ చేసే సాయమల్లా, ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ వివరం క్షణాల్లో తెచ్చివ్వడం. నెట్ లేకపోతే ఫోన్ ఆ వివరాన్ని ఉపగ్రహం నుంచే తీసుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను ప్రతి 30 సెకన్లకోసారి పంపుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక పూర్తిగా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఈ మధ్యలో మీరు చెట్ల కిందో బండ పక్కనో నడుస్తుంటే ఆ సందేశం మాటిమాటికీ తెగుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి సిగ్నల్ ఉన్న చోటే, బయట ఆకాశం కనిపించేలా నిలబడి, మ్యాప్ తెరిచి నీలం చుక్క కుదురుకునేదాకా ఆగాలి. మన్ననూరులో టీ తాగే సమయం చాలు. ఆ వివరాలు కొన్ని గంటల వరకు పనికొస్తాయి.

చుక్క సరిగ్గానే ఉన్నా కింద మ్యాప్ లేకపోతే ఏం లాభం? గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, గడిని కల్వకుర్తి నుంచి శ్రీశైలం దాకా లాగి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అయితే దాని హద్దులు తెలిసుండాలి. ఆఫ్‌లైన్‌లో అది వాహనాల దారి మాత్రమే చెబుతుంది. నడక దారి చెప్పదు, ట్రాఫిక్ చూపదు, వేరే దారి సూచించదు. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కు గడువు కూడా ఉంటుంది. నిరుడు ఎక్కించుకున్నది ఇప్పుడూ ఉందిలే అనుకోకుండా బయల్దేరే ముందు రోజు రాత్రి చూసుకోవాలి.

నడకకు మాత్రం ఆర్గానిక్ మ్యాప్స్ ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఈ యాప్‌లో ప్రకటనలు లేవు, ఖాతా తెరవక్కర్లేదు, వెతకడం, దారి చూపడం మొత్తం నెట్ లేకుండానే సాగుతుంది. కాలిబాటలు, ఎత్తుపల్లాల గీతలు కనిపిస్తాయి. మరొకరు పంపిన జీపీఎక్స్ ఫైలు తెరిస్తే వాళ్లు నడిచిన దారి గీతలా తెరపై వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇందులో మ్యాప్‌లు రాష్ట్రాలవారీగా ఉంటాయి. తెలంగాణ ఒక్కటే దించుకుంటే కృష్ణ అవతలి ఒడ్డు ఖాళీగా కనిపిస్తుంది. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, సాగర్ కుడి గట్టూ అటువైపే. సోమశిల దగ్గర నది దాటినా, అలంపూర్ నుంచి కర్నూలు వైపు తిరిగినా రెండో మ్యాప్ ఉండాల్సిందే. మక్తల్ మీదుగా రాయచూర్ వెళ్లేవాళ్లకు కర్ణాటక మ్యాప్ కూడా కావాలి.

మ్యాప్‌లో గీత ఉంటే దారి ఉన్నట్టేనని నమ్మడం ఇంకో ప్రమాదం. ఉపగ్రహ చిత్రంలో బండిబాటకూ మట్టిరోడ్డుకూ తేడా అంతగా తెలియదు. ఎండాకాలం బైకు పోయే చెల్క బాట వానాకాలం వాగై ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, దారి ఉండటం వేరు, అనుమతి ఉండటం వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ ఒప్పుకోని బాటలు మ్యాప్‌లో నిక్షేపంగా కనిపిస్తాయి. ఆ అడవి లోయలో జరిగే సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి రోజుల్లోనే. ఆ కొద్ది రోజులు తప్ప ఆ లోయలోకి జనాన్ని వదలరు. యాప్ మాత్రం ఏడాది పొడవునా అటే దారి చూపిస్తుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు. సాయంత్రం ఆలస్యంగా హైదరాబాద్ వదిలిన కారుకు యాప్ చెప్పే చేరుకునే సమయం ఈ గేటును లెక్కలోకి తీసుకుంటుందని నమ్ముకోకూడదు. అటవీశాఖ నిబంధనను యాప్ చెబుతుందని ఎదురుచూడొద్దు.

గుట్టలెక్కేవాళ్లను తికమకపెట్టేది ఎత్తు. కొన్ని యాప్‌లు జీపీఎస్ ఇచ్చిన ఎత్తును ఉన్నదున్నట్టు చూపిస్తాయి. ఆ లెక్క సముద్రమట్టం నుంచి కాదు, భూమిని నున్నటి గుండుగా ఊహించి గీసిన ఒక గణిత ఉపరితలం నుంచి. భూమి ఆకర్షణ అంతటా ఒకేలా లేకపోవడం వల్ల మన ప్రాంతంలో సముద్రమట్టపు రేఖ ఆ ఉపరితలానికి 70 మీటర్లకు పైగా కింద ఉంటుంది. ఫలితంగా అసలు ఎత్తు కన్నా అంత తక్కువ అంకె పడుతుంది. పరీక్షించుకోవడం సులభం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. జలాశయం నిండి ఉన్నప్పుడు నీటి అంచున నిలబడి చూస్తే యాప్ 100 దగ్గర చూపిస్తోందా, అది సవరణ చేయని యాప్. 180 దగ్గర చూపిస్తే సవరించినది. ఇక పైకీ కిందికీ ఊగే పది, ఇరవై మీటర్ల తేడా మామూలే, జీపీఎస్‌లో ఎత్తు ఎప్పుడూ చోటంత కచ్చితంగా రాదు.

నడిచిన దారిని రికార్డు చేసుకుంటే తిరిగి రావడం తేలిక. ఆ పని మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం యాప్ కాదు, ఫోన్. తెర ఆరిపోగానే బ్యాటరీ ఆదా పేరుతో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. రెండు గంటల తర్వాత తీసి చూస్తే గీత మొదటి కిలోమీటరు దగ్గరే ఆగి ఉంటుంది, లేదా రెండు చుక్కల మధ్య గుట్టను చీల్చుకుంటూ ఒకే తిన్నని గీత పడి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, బ్యాటరీలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోవాలి. లొకేషన్ అనుమతి యాప్ వాడుతున్నప్పుడు మాత్రమేనా, ఎల్లప్పుడూనా అన్నదీ చూసుకోవాలి. ఇంటి చుట్టూ పావుగంట నడిచి, తెర ఆర్పి, గీత తెగకుండా వచ్చిందో లేదో తేల్చుకున్నాకే గుట్టకు వెళ్లడం మంచిది. భువనగిరి కోట లాంటి ఏకశిల పక్కన గీత అటూఇటూ గెంతితే కంగారుపడొద్దు. ఉపగ్రహ సంకేతం బండకు తగిలి ఆలస్యంగా రావడం వల్ల అలా జరుగుతుంది.

అడవిలో బ్యాటరీని ఎక్కువగా తినేది జీపీఎస్ అనుకుంటారు. అందని టవర్ కోసం ఫోన్ పదేపదే వెతకడం అంతకన్నా భారం. ఫ్లైట్ మోడ్ వేస్తే ఆ వెతుకులాట ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ ఇంకో సమస్య. స్మార్ట్‌ఫోన్లను సాధారణంగా 35 డిగ్రీల లోపు వేడిలో వాడమంటారు. బైకు హ్యాండిల్ మీద ఎండలో నావిగేషన్ నడుస్తూ, పైగా ఛార్జింగ్ కూడా పెడితే తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది, ఆఖరికి ఫోనే ఆగిపోతుంది. బైకు ఇంజిన్ అదురుకు కెమెరా లెన్సును నిలకడగా ఉంచే భాగం దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఫోన్ జేబులో, ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని దారి వినడమే మేలు.

పిడుగుల సంగతి సరదా తిరుగుళ్లకే కాదు, చేనుకు పోయేవాళ్లకూ ప్రాణావసరం. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగుల జాడ చూపి హెచ్చరిస్తుంది. వాతావరణ శాఖ 2020లో తెచ్చిన మౌసమ్ యాప్‌లో జిల్లాలవారీగా రాబోయే కొద్ది గంటల హెచ్చరికలూ రాడార్ చిత్రాలూ ఉంటాయి. రెండూ నెట్ మీదే ఆధారపడ్డవి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట గొర్రెలు కాసే మనిషికి ఆ హెచ్చరిక చేరదు, చేరినా ఆలస్యంగా చేరుతుంది. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాళ్లకే సమాచారం అందకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. దామినిలో ఎర్రచుక్కలు దగ్గరపడగానే గ్రామ పంచాయతీ మైకులో చెప్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఫోన్ చూసే మనిషి ఒకరుంటే చాలు. ప్రతి మండలంలోనూ ఈ ఏర్పాటు ఉండాలి.

నెట్ లేని చోట లెక్క చేతిలోనే ఉంది. మెరుపు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టాలి. ఉరుము వినపడేసరికి అయిన సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపే వినపడితే అది 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. వెంటనే గుట్ట దిగాలి, ఒంటరి వేపచెట్టు, ఇనుప కంచె, మోటారు డబ్బా దగ్గర్నుంచి తప్పుకోవాలి. అద్దాలు మూసిన కారు భద్రం, బైకు కాదు. నాలుగు వైపులా తెరిచున్న రేకుల షెడ్డూ భద్రం కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రావాలి.

పిట్టలు చూసేవాళ్లకు కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ ఉంది. మన దేశపు ప్యాక్‌ను ఇంట్లోనే దించుకుంటే కూత విని పేరు చెప్పే పని నెట్ లేకుండానే జరుగుతుంది. పానగల్ ఉదయసముద్రం గట్టు మీద గాలి హోరుకు మైకు తడబడుతుంది. ఫోన్‌ను గాలికి వీపు పెట్టి, చొక్కాకు రాసుకోకుండా, కదలకుండా పట్టుకోవాలి. నల్లమలలో తోక చివర ఈకలు వేలాడే ఏట్రింత ఇతర పక్షుల కూతలను అచ్చంగా అనుకరిస్తుంది, యాప్ ఆ పక్షుల పేర్లే చెబుతుంది. కళ్లతో చూడనిదాన్ని జాబితాలో రాయకపోవడమే మంచి అలవాటు. రికార్డు చేసిన కూతను వినిపించి పిట్టను రప్పించడం, ముఖ్యంగా గూళ్లు కట్టే కాలంలో, దాన్ని హింసించడమే. పాము కాటేసినప్పుడు మాత్రం ఏ గుర్తింపు యాప్‌నూ తెరవొద్దు, ఫోటో కోసం దాని వెంట పడొద్దు. 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేరడమే పని.

రోజువారీ యాప్‌లకూ ఇదే కొలత. ఆర్టీసీ గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది, కానీ ట్రాకర్ ఉన్న బస్సులే. తండా నుంచి పోయే పల్లెవెలుగు అందులో కనిపించలేదంటే బస్సు లేదని కాదు. ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ రైల్లో కూర్చున్నవాళ్లకు సెల్ టవర్ల గుర్తులతోనే స్టేషన్ చెప్పేస్తుంది, డేటా అక్కర్లేదు. మిర్యాలగూడ, గద్వాల మార్గాల్లో రాత్రిపూట దిగేవాళ్లకు చాలా పనికొస్తుంది. యూపీఐ లైట్‌లో 5,000 రూపాయల వరకు ఉంచుకుని, ఒక్కోసారి 1,000 వరకు పిన్ లేకుండా చెల్లించవచ్చు. బ్యాంకు సర్వర్ మొరాయించిన రోజున ఇది ఆదుకుంటుంది, నెట్ లేని చోట కాదు. డేటా లేకున్నా కాల్ సిగ్నల్ ఉంటే *99# డయల్ చేసి 5,000 దాకా పంపొచ్చు. అదీ లేని దారిలో జేబులో నోట్లుండాలి.

ఆపద వచ్చినప్పుడు వాట్సాప్ లొకేషన్ మీద ఆధారపడటం పొరపాటు, దానికి డేటా కావాలి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా 112 కాల్ అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవర్ మీదుగా వెళ్లగలదు. ఇంటివాళ్లకైతే మామూలు ఎస్సెమ్మెస్ పంపాలి, సన్నటి సిగ్నల్‌లోనూ అది దూరిపోతుంది. అందులో మ్యాప్ యాప్ చూపే అక్షాంశ రేఖాంశాలు రాయాలి. మన ప్రాంతంలో మొదటి అంకె 15, 16 లేదా 17తో, రెండోది 77, 78 లేదా 79తో మొదలవుతుంది. వేరేలా కనిపిస్తే రెండూ తారుమారయ్యాయని అర్థం. చుక్క తర్వాత రెండు అంకెలే రాస్తే వెతికేవాళ్లు కిలోమీటరు దూరంలో తిరుగుతారు. నాలుగు రాస్తే పది, పదకొండు మీటర్లలోకి వస్తారు.

చివరిగా, ఈ మ్యాప్‌లలో మన ఊరి పేర్లు లేకపోవడం గురించి. తండాలు, చెంచు పెంటలు (చెంచుల గూడేలు), కుంటలు, గుట్టలు చాలావాటికి పేరే ఉండదు, ఉన్నా తప్పు స్పెల్లింగుతో ఉంటుంది. అంబులెన్సు డ్రైవర్ వెతికేది ఆ పేరునే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి ఎవరైనా పేరు చేర్చవచ్చు, తెలుగులో పేరు రాసే చోటు విడిగా ఉంటుంది. ఊరివాళ్లు పిలిచే పేరునే రాయాలి. గూగుల్ మ్యాప్స్ చూసి ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. చెలిమె, బోరు, వాగు దాటే చోటు లాంటివి చేర్చేటప్పుడు ఏడాదంతా నీళ్లుంటాయా, ఎండాకాలం ఎండిపోతుందా రాస్తే నడిచేవాళ్లకు మేలు. పులి అడుగుజాడలు, అలుగు (పాంగోలిన్) కనిపించిన చోటు, గుడ్లగూబ గూడు మాత్రం ఏ మ్యాప్‌లోనూ పెట్టొద్దు. చూసిన జీవుల ఫోటోలు పంచుకునే ఐనేచురలిస్ట్‌లో ముప్పున్న జంతువుల చోటును యాప్ తనంతట తానే మసకబారుస్తుంది, వాట్సాప్ గ్రూపులో చోటు చెప్పి పెట్టిన ఫోటోకు ఆ రక్షణ లేదు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేసి గానీ అడవిలో ఫోటో తీయొద్దు.