ఆ 38 ఏళ్ల బాకీ

1958లో స్వీడన్‌లో 17 ఏళ్ల పెలే ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. బ్రెజిల్‌కు తొలి ప్రపంచకప్ వచ్చింది. అదే ఏడాది ఆ దేశంలోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో, అరగ్వారీ అనే ఊళ్లో, ఓ బడికి నిధులు పోగుచెయ్యడానికి అమ్మాయిలు ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడారు. జనం విరగబడి వచ్చారు. వేరే ఊళ్ల నుంచి పిలుపులొచ్చాయి. మరుసటి ఏడాదికే ఆ జట్టును ఆపేశారు. ఎందుకంటే బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం అప్పట్లో నిషేధం.

అర్ధరాత్రి అలారం పెట్టుకుని బ్రెజిల్ మ్యాచ్‌లు చూసే మనవాళ్లకు పెలే కథ కంఠతా వచ్చు. రెండో కథ చెప్పినవాళ్లే తక్కువ. 1941లో అప్పటి అధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వం ‘స్త్రీ స్వభావానికి సరిపడని’ ఆటలు ఆడవాళ్లు ఆడకూడదని చట్టం చేసింది. 1965లో, సైనిక పాలనలో, ఫుట్‌బాల్ పేరు పెట్టి మరీ రాశారు. 1979లో గానీ ఎత్తెయ్యలేదు. 1958, 1962, 1970ల్లో గెలిచిన మూడు కప్పులూ ఈ నిషేధం నడుస్తుండగా వచ్చినవే.

గడప బయట నిలబెట్టడం ఆ దేశపు ఆటకు కొత్త కాదు. 1923లో వాస్కో డ గామా క్లబ్బు రియో ఛాంపియన్ అయింది. ఆ జట్టులో నల్లజాతివాళ్లు, డ్రైవర్లు, కూలీలు ఉన్నారు. సంపన్నుల క్లబ్బులు ఇది సహించలేక మరుసటి ఏడాది వేరే లీగ్ పెట్టుకుని, పన్నెండుమంది ఆటగాళ్లను తీసేస్తేనే రానిస్తామన్నాయి. మా వాళ్లను వదులుకోం, మీ లీగే మాకొద్దు అని క్లబ్బు అధ్యక్షుడు ఉత్తరం రాశాడు. అభిమానులు చందాలు వేసుకుని 1927కల్లా సొంత స్టేడియం కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఉత్తరాన్ని వాస్కో వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే.

ఆ ఉత్తరం రాసిన డెబ్బై ఆరేళ్ల తర్వాత, 2000లో, అలగోవస్ రాష్ట్రంలోని ఓ పల్లె నుంచి 14 ఏళ్ల పిల్ల మూడు రోజులు బస్సులో కూర్చుని అదే క్లబ్బుకు వెళ్లింది. ఊళ్లో మగపిల్లలతో, ఉండచుట్టిన ప్లాస్టిక్ సంచులే బంతిగా ఆడిన పిల్ల. పేరు మార్తా. ఆరుసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. అంతటి క్లబ్బూ కొద్దికాలానికే ఆడవాళ్ల జట్టును మూసేసింది. ఆమె మరో జట్టు వెతుక్కోవలసి వచ్చింది. ఈ ఒక్క సంగతి మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2027లో మహిళల ప్రపంచకప్ బ్రెజిల్‌లో జరగబోతోంది. దక్షిణ అమెరికాకు ఆ పోటీ రావడం ఇదే మొదటిసారి. 2020 నుంచి జాతీయ జట్లలో ఆడామగా అందరికీ ఒకే రోజుభత్యం ఇస్తున్నారు. సంతోషం. అది ఇప్పటివాళ్లకు. నిషేధం రోజుల్లో చాటుమాటుగా ఆడినవాళ్లలో బతికున్నవాళ్లంతా ముసలివాళ్లయిపోయారు. వాళ్లను పేరుపేరునా వెతికి, మొదటి మ్యాచ్‌కు తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. వాళ్లు ఆడిన మ్యాచ్‌లు ఆ దేశపు ఫుట్‌బాల్ చరిత్రలోకి ఎక్కాలి. క్షమాపణ ప్రభుత్వం నోటి నుంచి, ఆ స్టేడియంలోనే, అందరి ముందూ రావాలి.

ఆతిథ్య నగరాల్లో సాల్వడోర్ ఒకటి. బ్రెజిల్ తరఫున ఏడు ప్రపంచకప్‌లు ఆడిన క్రీడాకారిణి ఫొర్మీగాది ఆ ఊరే. మగవాళ్లలో కూడా ఎవరూ అన్ని ఆడలేదు. ఫొర్మీగా అంటే వాళ్ల భాషలో చీమ. ఆమె పుట్టింది 1978లో. అప్పటికి నిషేధం ఇంకా అమల్లోనే ఉంది.